పార్సిల్‌తో పాటు ఒక ఉత్తరం

విశాఖపట్నం,
జూన్ 20

చి. బుజ్జికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వెలా ఉన్నావో వాట్సాప్‌లో పెట్టే బొటనవేలు బొమ్మ వల్ల సరిగ్గా తెలియడం లేదు కనుక కాగితం తీశాను. ఎదురింటి మాస్టారు రేపు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి హైదరాబాద్ వస్తున్నారు. పార్సిల్, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నా.

విశేషం ఏమిటంటే, మరబోట్లకి వేట నిషేధం 14తో అయిపోయింది. ఏప్రిల్ 15 నుంచి ఐస్ చేపలే గతి అయిన ఊరికి మళ్లీ ప్రాణం వచ్చింది. నిన్న తెల్లారకముందే బుచ్చి మామయ్యా నేనూ హార్బర్‌కి వెళ్లాం. కోనాం రేటు విని వెనక్కి తగ్గి కవళ్లు, నెత్తళ్లు తెచ్చుకున్నాం. మొప్పలు ఎర్రగా, కళ్లు తేటగా ఉన్నాయా, వేలితో నొక్కితే గుంట పడకుండా ఉందా అని నేను చూస్తుంటే, మామయ్య మాత్రం చేపలామె రేటు తగ్గించిందంటే చాలు సంచి తెరిచేస్తాడు. తిరిగి వస్తూ స్కూటర్ మీద మాటల్లో మాటగా అన్నాడు, వాళ్ల గౌరి మొన్న నీ ఫ్లాట్‌కి వచ్చిందట. నీ స్టవ్ మీద ఉతికిన బట్టలు మడతపెట్టి ఉన్నాయట. మే నెలలో పంపిన ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డ కూడా విప్పలేదట.

నేను నమ్మలేదు. గౌరికి చిన్నప్పటి నుంచీ గోరంత చూసి కొండంత చెప్పే అలవాటు. ఈ ఉత్తరం దాని గురించి కాదు.

మన రైతుబజారులో ఇప్పుడు ఆనబకాయ, బీర, లేత బెండ బాగా వస్తున్నాయి. ఆనందపురం వైపు నుంచి వచ్చే ఆమె ఉందే, నిన్ను 'పంతులమ్మా' అని పిలిచేది, నీకు పెళ్లి కుదిరిందా అని అడిగింది. ముందు తిండి కుదరనీ అన్నాను. 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు నువ్వింకా పుట్టలేదు. ఫొటో కార్డు ఉన్న రైతు తన పంట తనే అమ్ముకోవడం, బోర్డు మీద ఆ రోజు ధర రాసి ఉండటం అప్పట్లో మాకు వింత. ఇప్పటికీ నేను ముందు బోర్డు చదివి, తర్వాతే లోపలికి నడుస్తాను. మీ అమ్మ నవ్వుతుంది.

పార్సిల్‌లో అనకాపల్లి బెల్లం పెట్టాను. నల్లగా ఉందని పారెయ్యకు. పసుపుపచ్చగా మెరిసిపోయే బెల్లం చూసి అందరూ మోసపోతారు. ఆ రంగు చాలావరకు హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం వేస్తే వచ్చేది. చోడిపిండి కూడా ఉంది, అదే మీ వైపు రాగిపిండి. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, పాలలో ఉండే దానికి రెండింతలకు మించి. రాత్రి పిండి నీళ్లలో కలిపి ఉంచి, పొద్దున్న గుప్పెడు నూకతో ఉడికించి, చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ వేసుకో. పావుగంట పని. స్టవ్ మీద బట్టలు లేకపోతే.

ఉపన్యాసం వద్దనుకుంటూనే మొదలుపెట్టాను చూడు. బయట తినడం నేరమని నేననడం లేదు. ఆఫీసు ఆలస్యమైన రోజు ఆర్డర్ పెట్టుకో, ఎవరు వద్దన్నారు? రోజూ రెండు పూటలా అదే అయితే, ఏ నూనె ఎన్నిసార్లు కాగిందో నీకు తెలియదు, ఉప్పు ఎంత పడిందో నీకు తెలియదు. మీ పెద్దత్తకి బీపీ, నాకు బీపీ. ఇది మన ఇంటి ఆస్తి, నీకూ వాటా ఉంటుంది.

హుద్‌హుద్ తుఫాను గుర్తుందా? 2014 అక్టోబర్ 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి. మన వేపచెట్టు మాస్టారి గోడ మీద పడింది. ఆయన ఆ గోడ సంగతి ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటారు, రేపు రైల్లో కూడా ఎవరికో చెప్తారు. కరెంటు లేదు, మోటారు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్‌కి ఎంత అడిగితే అంత. గ్యాసు ఆ ఉదయమే అయిపోయింది, ఇంకో బండ ఖాళీగా ఉంది. మీ అమ్మ నన్నొక చూపు చూసింది. అప్పుడు నాన్నమ్మ లేచి, మేడ మీద మూడు ఇటుకలు పెట్టమంది. వేప కొమ్మలు తడి, అంతా పొగే. నీకు పద్నాలుగేళ్లు, అట్టముక్క పట్టుకుని విసురుతూ, దగ్గుతూ, నాన్నమ్మని తిడుతూ కూర్చున్నావు. అటక మీంచి గుమ్మడికాయ దిగింది. చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు, జాడీలో ఆవకాయ, డబ్బాలో వడియాలు, అన్నీ ఇంట్లోవే. పైవాటా వాళ్లు ఫ్రిజ్ కరిగిపోతోందని రొయ్యలు తెచ్చారు. మాస్టారి ఇంటి నుంచి చిలగడదుంపలు వచ్చి దప్పళంలో పడ్డాయి. గోడ పడిందన్న కోపంతో ఆయన కింద నిలబడే తిన్నారనుకో. గుమ్మడికాయ వాసనకే ముక్కు మూసుకునే దానివి, ఆ రాత్రి కొవ్వొత్తి వెలుగులో ఏం తింటున్నావో కనిపించక మూడుసార్లు వేయించుకున్నావు. తెల్లారాక చెప్తే ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోవు.

మన ఊరివే తినమని కూడా నేననను. నువ్వున్న చోట పండింది కొనుక్కో. కూకట్‌పల్లిలో మీకూ రైతుబజారు ఉంది కదా, శనివారం పొద్దున్నే ఒకసారి వెళ్లు. జొన్నపిండి తెచ్చుకో, రొట్టెలు మీ పక్క ఫ్లాట్ ఆవిడ నేర్పిస్తుంది, అడిగితే. కందిపప్పు తాండూరుది తీసుకో. 2022లో దానికి జీఐ, అంటే ఆ ఊరి పంటగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన వీధి చివర కొట్లో పప్పు కంటే త్వరగా ఉడుకుతుంది, రుచీ ఎక్కువే. ఈ మాట మీ అమ్మతో అనకు.

అని రాస్తూనే ఇంత పార్సిల్ కట్టానంటే, అది మీ అమ్మ పని. నెత్తళ్లు ఎండబెట్టి పెడతానంది కానీ రైల్లో వాసనకి మాస్టారు ఒప్పుకోలేదు. నూపొడి, ఇంగువ, ఆవపొడి చీటీలు రాసి పెట్టాం. గ్యాసు లైటరు ఒకటి పెట్టాను, ఊరికే, ఇక్కడ రెండున్నాయి కనుక. పాత ఆవకాయ జాడీ విప్పినప్పుడు పైన నూనె తేలి ఉందో లేదో చూడు. లేకపోతే నువ్వులనూనె కాచి, పూర్తిగా చల్లారాకే పొయ్యి. గాలి తగిలితే బూజు పడుతుంది. తడి గరిటె పెట్టకు. విప్పే ఉంటే సరే, నేను గౌరి మాట పట్టుకుని చెప్తున్నానని అనుకోకు.

చిక్కావని కూడా అంది గౌరి. ఒక ఫొటో పంపు, నిలబడి తీసుకున్నది. ఆదివారం ఫోన్ చెయ్యి, పదకొండు లోపు. తర్వాత మీ అమ్మ నిద్రపోతుంది, నేను పోనులే.

స్టీలు డబ్బాలు మూడూ కడిగి, బాగా ఆరబెట్టి మాస్టారికి తిరిగివ్వు. ఆయన బుధవారం బయల్దేరతారు. క్రితంసారి మూతలు మారిపోయి వచ్చాయి, ఈసారి చూసి పెట్టు.

ఆశీస్సులతో,
నాన్న