మహిళా స్టార్టప్‌ల బిల్లులు ఎప్పుడు చెల్లిస్తారు?

సంపాదకులకు,

అయ్యా,

గతవారం మీరు మహిళా స్టార్టప్‌ల మీద పూర్తి పేజీ కథనం వేశారు. ఆడవాళ్లు పెట్టిన టెక్నాలజీ కంపెనీలకు అంత చోటిచ్చినందుకు సంతోషమే. కానీ ‘అవకాశాలకు కొదవ లేదు, మహిళలే ముందుకు రావాలి’ అని ఓ ఉన్నతాధికారి అంటే, ఎదురు ప్రశ్న వేయకుండా అచ్చేశారు. అది చదివాక ఊరుకోలేక రాస్తున్నాను.

మహిళలు ముందుకొచ్చి చాలాకాలమైంది. 2018 మార్చి 8న హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వమే మహిళా పారిశ్రామికవేత్తల కోసం వీ హబ్ తెరిచింది. ఇలా కొత్త కంపెనీలకు చోటు, సలహా ఇచ్చి నిలబెట్టే ఇన్‌క్యుబేటర్ దాకా దారి బాగానే ఉంది. చిక్కంతా తయారుచేసినదాన్ని సర్కారుకు అమ్మబోయినప్పుడే.

ఆస్పత్రులకు పరీక్ష పరికరం తయారుచేసే కంపెనీనే తీసుకోండి. కేంద్రం 2021లో తెచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ కింద ప్రోటోటైప్‌కు, అంటే తొలి నమూనాకు, 20 లక్షల దాకా గ్రాంటు పెట్టారు, అదీ విడతలుగా. దరఖాస్తు నాటికి కంపెనీ నమోదై రెండేళ్లు దాటకూడదన్నారు. ఈ సంగతి ఎవరూ చెప్పక, ముందే కంపెనీ రిజిస్టర్ చేసి గడువు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. ల్యాబ్‌లో విద్యుదయస్కాంత పరీక్ష తప్పితే సర్క్యూట్ బోర్డు మళ్లీ గీయాలి, మళ్లీ చేయించాలి, మళ్లీ ల్యాబ్ స్లాట్ కోసం ఆగాలి. ఆ తర్వాత వైద్య పరికరాల నిబంధనల కింద లైసెన్సు. ఇవన్నీ దాటుకుని, ప్రభుత్వ శాఖలు ఆన్‌లైన్‌లో కొనుగోళ్లు చేసే జెమ్ పోర్టల్‌లో టెండరు తెరిస్తే ఏముంటుంది? అనుభవం, టర్నోవర్ షరతుల నుంచి చిన్న సంస్థలకు మినహాయింపు ఉందా, స్టార్టప్‌లకు ఉందా అని రెండు గడులు. రెండింటి ఎదురుగానూ ‘లేదు’! కావాల్సిన అనుభవం మూడేళ్లు. నిన్నమొన్న పుట్టిన కంపెనీ దాన్ని ఎక్కడి నుంచి తెస్తుంది?

కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 3 శాతం మహిళల చిన్న సంస్థల నుంచే చేయాలని 2018లో సవరణ తెచ్చారు. రాష్ట్ర శాఖలకు అది కట్టుబడదు. ఆ 3 శాతంలోనైనా నిజంగా మహిళలు నడిపేవి ఎన్ని? 51 శాతం వాటా భార్య పేరనో తల్లి పేరనో రాయించి, ఆన్‌లైన్‌లో ఆమె సంతకంగా చెల్లే డిజిటల్ సంతకం టోకెన్ తమ దగ్గరే పెట్టుకుని టెండర్లు వేసే మగవాళ్లు ఉన్నారు. పట్టుకోవడం కష్టమేమీ కాదు. బ్యాంకు ఖాతాకు సంతకం ఎవరిది, పోర్టల్ ఓటీపీ ఏ నంబరుకు పోతోంది, టెక్నికల్ బిడ్ మీద వివరణ అడిగితే ఎవరు వచ్చి కూర్చుంటున్నారు, ఇవి చూస్తే చాలు. చూసే ఓపిక ఏ ఆఫీసుకూ లేదు. పేరుకే మహిళా సంస్థలైనవాటి వల్ల నష్టపోయేది స్వయంగా కోడ్ రాసి, బోర్డు మీద సోల్డర్ చేసి కంపెనీ నిలబెట్టిన ఆడవాళ్లే.

ఇక బిల్లులు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం ఒప్పందం రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు మించకూడదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ‘సరుకు ఇంకా ఆమోదించలేదు’ అంటూ గుమాస్తా ఫైలు పక్కన పెడతాడు. సరుకు ముట్టిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ముట్టిన రోజే ఆమోదించినట్టని అదే చట్టంలో ఉంది. అందుకే డెలివరీ చలానా మీద తేదీతో స్టాంపు వేయించుకోనిదే కదలకూడదు. చిన్న సంస్థగా గుర్తింపునిచ్చే ఉద్యమ్ నమోదు సరుకు ఇవ్వకముందే అయిపోవాలి. బకాయిల మీద, ఇలాంటి తగాదాలు తేల్చడానికి అదే చట్టం కింద ఉన్న ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు, 90 రోజుల్లో తేల్చాలి. కానీ అదే ఆఫీసులో రేపు మళ్లీ టెండరు వేయాలి కాబట్టి ఫిర్యాదుకు జంకుతారు. ఈలోగా జీతాలు ఆగుతాయి, ఇంజినీర్లు వెళ్లిపోతారు.

బ్యాంకుల సంగతీ అంతే. ఒక్కో శాఖ కనీసం ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి వరకు రుణమివ్వాలని 2016లో స్టాండప్ ఇండియా పథకం తెచ్చారు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి తాకట్టు పెట్టడానికి యంత్రాలుండవు. తాకట్టు లేని అప్పుకు పూచీపడే రుణ హామీ పథకం ఉన్నా మేనేజరు ఇంటి పత్రాలు, భర్త సంతకం అడుగుతాడు. 1978లో బయోటెక్నాలజీ కంపెనీ బయోకాన్ మొదలుపెట్టిన కిరణ్ మజుందార్ షాకు అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడాయి. ఇన్నేళ్లకూ ఆ బుద్ధి మారకపోవడం సిగ్గుచేటు.

మార్చి 8న శాలువాలు కప్పే అధికారులు మిగతా రోజుల్లో ఫోను ఎత్తరు. మీ విలేకరులు కూడా మహిళా ఫౌండర్ కనిపించగానే ఇల్లు, పిల్లల గురించి అడుగుతారు. ఆ అధికారి దగ్గరికే మళ్లీ వెళ్లి, తన శాఖలో మహిళా సంస్థలకు 45 రోజులు దాటిన బకాయి ఎంత ఉందో, దాని మీద ఎంత వడ్డీ చెల్లించారో అడగండి. జవాబు వచ్చినా రాకపోయినా అదే పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కూకట్‌పల్లి, హైదరాబాద్