ఉమ్మి వేరు, కళ్లె వేరు

సంపాదకులకు,

మార్చి 24 క్షయ దినోత్సవం నాడు, రెండు వారాలు దాటి దగ్గుంటే ‘ఉమ్మి పరీక్ష’ చేయించుకోవాలని మీ జిల్లా పేజీలో రాశారు. దగ్గు సంగతి సరే, ఆ ‘ఉమ్మి’తోనే నా పేచీ. రిటైరయ్యేదాకా ప్రభుత్వ ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాణ్ని. ఈ ఒక్క మాట వల్ల ఎన్ని ఉత్త స్లైడులు చూశానో లెక్కలేదు.

ఉమ్మి నోట్లో ఊరేది. చింతకాయ తలచుకుంటే చాలు, వచ్చేస్తుంది. కళ్లె అలా రాదు. ఊపిరితిత్తుల అడుగునుంచి దగ్గితేనే పైకొస్తుంది, క్షయ క్రిమి దొరికేదీ అందులోనే. మన పెద్దవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. ‘శ్లేష్మంలో పడ్డ ఈగ’ అన్నారు గానీ ఉమ్మిలో పడ్డ ఈగ అనలేదు. ఉమ్మిలో పడితే అది రెక్కలు దులుపుకొని పోదూ!

అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే ఓ మామ్మ డబ్బాలో తెల్లటి నురగ తెచ్చింది. స్లైడు మీద రాస్తే నీళ్లలా జారిపోయింది. లెన్సు కింద నోటి లోపలి పొర కణాలు తప్ప ఏమీ లేవు. నెగెటివ్ రాసేశాను. నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది, చిక్కి సగమై. చేతిలో మళ్లీ అదే నురగ. ‘కళ్లె కావాలి మామ్మా, ఇదేమిటి?’ అని విసుక్కున్నాను.

‘‘కళ్లెనా? అది పొద్దున్నే పారేసినాను గదేటి! ఉమ్మి అడిగినారని నోరు కడుక్కుని సుబ్బరంగా తెచ్చినాను బాబూ’’ అంది.

మర్నాడు నిద్ర లేస్తూనే నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు నిండా ఊపిరి పీల్చి, లోపల్నుంచి దగ్గి తెచ్చింది. పచ్చగా, చిక్కగా, చెంచాలో సగమైనా లేదు. రంగులు వేసి చూస్తే నీలం మీద ఎర్రటి సన్న పుల్లల్లా క్షయ క్రిములు, ఎటు జరిపినా అవే. ఆ నెల రోజులూ మనవలు ఆమె పక్కలోనే పడుకున్నారు.

ఇప్పుడు క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే ట్రూనాట్ యంత్రాలొచ్చాయి. ఊపిరితిత్తుల క్షయ కోసం వాటిలో వేసేదీ కళ్లెనే.

అచ్చులో కళ్లె అంటే రోతగా ఉంటుందనుకుంటే కఫం అని రాయండి, మా ఊళ్లలో అదీ తెలుసు. ఉమ్మి అని మాత్రం వద్దు.

– విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా