వార్షిక నివేదిక 2024–25: రాత్రి బడి సంగతులు

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గుల పోటీ, కంటి పరీక్షల శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పుస్తకం సంఘం గదిలో ఉంది, వచ్చి చూసుకోవచ్చు. ఈసారి ఎక్కువ చెప్పాల్సింది రాత్రి బడి గురించే.

బడికొచ్చేవాళ్ళలో చాలామందికి అక్షరాలు వచ్చు. సంతకం పెడతారు, బస్సు బోర్డు చదువుతారు. నాలుగు వాక్యాలు వరసగా రాయమంటేనే టెన్షన్. మొదట్లో మేం సెలవు చీటీ, ఎమ్మార్వో గారికి అర్జీ బోర్డు మీద రాసి చూసి రాసుకోమన్నాం. రాశారు, అంతే. సార్వా నాట్లు మొదలయ్యాక సగం మంది రావడం మానేశారు. నాట్ల మీదికి నెట్టేశాం గానీ, తప్పు మాదే.

నవంబరులో ఒక ముసురు సాయంత్రం, మాట 1996 నవంబరు 6 కోనసీమ తుపాను మీదికి మళ్ళింది. అంతవరకు నోరు విప్పనివాళ్ళు కూడా ఒకరికొకరు అడ్డొచ్చి మరీ చెప్పారు. చెప్పిందే రాయమన్నాం. ఒకావిడ "కొబ్బరిచెట్లు అన్నీ పడిపోయాయి" అని రాసి పెన్ను కింద పెట్టేశారు. "అన్నీ వద్దమ్మా, ఒక్క చెట్టు గురించి చెప్పండి" అన్నాం. అత్తగారు నాటిన చెట్టు వంటపాక మీద పడటం, తెల్లారి ఆ మట్టలు పక్కకి లాగి గంజి కాచుకోవడం, ఏడు వాక్యాల్లో వచ్చేసింది. తుపాను మొత్తం ఒక పేరాలో పట్టదు, చెట్టు పడుతుంది. అప్పట్నుంచి పేరాకి ఒకే సంగతి, ఆ సంగతేమిటో మొదటి వాక్యంలోనే తెలియాలి.

రాసింది కొట్టేయడమే అన్నిటికన్నా కష్టం. పంటు మీద ఏరు దాటడం గురించి రాస్తూ ఒక పెద్దాయన మధ్యలో కూతురి పెళ్ళి ఖర్చు కూడా రాశారు. తీసేయమంటే "అదీ నిజమే కదండీ" అన్నారు. దానికి ఇంకో పేరా ఇచ్చాం.

ఏళ్ళతో ఇంకో తంటా. "మా పెద్దోడు కడుపులో ఉన్నప్పుడొచ్చిన వరద" అంటే ఏ వరద? గోడమీద 1986, 2006, 2022 గోదావరి వరదలు, పాశర్లపూడి గ్యాసు బావి మండిన 1995 రాసిపెట్టాం. పిల్లల వయసులు లెక్కగట్టి ఎవరి ఏడు వాళ్ళే పట్టుకున్నారు.

ఆనకట్ట కట్టించిన కాటన్ దొర బొమ్మ గురించి రాయమన్నప్పుడు మాత్రం అందరూ "మహానుభావుడు" అనే మొదలుపెట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిందని మేం చెప్పిందే తిరిగి రాశారు. కొబ్బరి దింపు తీసే ఒకాయన మాత్రం "మట్టి మోసినోళ్ళ బొమ్మ ఏ ఊళ్ళోనూ నాకు కనపడలేదు" అని ఎత్తుకున్నారు. దొర దగ్గర పనిచేసిన వీణెం వీరన్న గారి పేరు చెబితే, అదీ రాసి, "మిగతావాళ్ళో?" అని వదిలేశారు. ఒత్తులు తప్పులే, అయినా నా లెక్కలో ఈ ఏటి మంచి పేరా అదే.

మన యాస దిద్దాలా వద్దా అని కమిటీలో వాదన జరిగింది. మనుషుల మాటల్లో ఉంచి, మిగతాచోట్ల దిద్దాలని తేల్చాం.

వచ్చే ఏడాది నాట్లు, కోతల వారాల్లో బడి ఉండదు. పేరాలన్నీ జెరాక్సు తీయించి గ్రంథాలయంలో పెడతాం. ఇంట్లో వాడని చదివే కళ్ళజోళ్ళుంటే సంఘం గదిలో ఇవ్వండి. ముగ్గురు ఒకే జోడుతో సర్దుకుంటున్నారు.

కార్యదర్శి