బుడ్డోనికి చదువుడొచ్చింది, మాకు దాసుకునే జాగ లేకుండైంది

అమ్మా,

ఎట్లున్నవ్? బాపు మోకాలు నొప్పి తగ్గిందా? గీ కాలంల ఉత్తరమేంది, ఫోన్ల మెసేజ్ పెడితె అయిపోవుగద అనుకుంటున్నవ్ కదా, చెప్త విను. మా ఇంట్ల ఇప్పుడు ఫోన్ల రాసే పరిస్థితి లేదు. బుడ్డోడు చదువుతున్నడు. స్కూల్ పుస్తకాలు ఒక్కటే అయితె నేనెందుకు ఇంత చెప్తనే, కండ్లకు ఏది ఆనితె అది చదువుతున్నడు, బస్సు మీదిది, పాల డబ్బ మీదిది, మందు సీస మీదిది, అన్నిటికన్న ముందు నా ఫోన్ మీదిది. కాల్ జేసి చెప్దామంటె పగలు నేను డ్యూటీల ఉంట, సాయంత్రం వాడు నా పక్కనే ఉంటడు, వాడు ఎనిమిదింటికి పండుకునే సరికి మీకు రాత్రి ఒకటిన్నర. అందుకే కాయితం తీసి తెలుగుల రాస్తున్న, వానికి ఇంకా చదవరాని అక్షరాలు మా ఇంట్ల ఇవే మిగిలినయ్.

ఇక్కడ ఇంగ్లండ్ల చదువు చెప్పే తీరు వేరుంటదమ్మా. ఏ బీ సీ డీ వరుసగ చెప్పరు. నాలుగేండ్లకు రిసెప్షన్ క్లాసుల ఏస్తరు, ఫోనిక్స్ అని అక్షరం పేరు కాకుంట దాని సప్పుడు నేర్పిస్తరు, అదిగూడ ముందుగాల ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్, గీ ఆరే, ఎందుకంటె గీ ఆరింటితోనే పిల్లలు చానా చిన్న చిన్న మాటలు చదువొచ్చు. ఒకటో క్లాసు అయిపోవచ్చినంక జూన్ల ఒక పరీక్ష ఉంటది, 2012 నుంచి పెడుతున్నరు, మొత్తం 40 మాటలు, టీచర్ పక్కకు కూసోబెట్టుకొని ఒక్కొక్కటి చదివించుకుంటది. అండ్ల సగం, అంటె 20 మాటలకు అసలు అర్థమే ఉండదు, ఉత్తగ కల్పించి రాసిన మాటలు, పక్కపొంటి ఏలియన్ బొమ్మ ఏస్తరు. పిల్లగాడు మాటను ఎప్పుడో చూసి గుర్తువట్టి చెప్తున్నడా, నిజంగనే కూడబలికి చదువుతున్నడా అని తెలుసుకునుటానికి. మనోడు పోయిన జూన్ల పాసైండు. బాసరల సరస్వతమ్మ కాడ పళ్లెంల బియ్యం పోసి బాపు వాని వేలు పట్టి రాయించిండు కదా, ఆ దినం నుంచి నేను ఎదురుచూసింది దీనికే, మస్తు సంబురమైంది, క్లాసు టీచర్ కాయితం ఇస్తె ఫ్రిజ్ మీద అంటించినం.

ఇగ గా ఏలియన్ మాటలే మా మీదికి తెచ్చినయ్.

మనమందరం ఫోన్ల తెలుగు ఎట్ల రాస్తం? ఇంగ్లీష్ అక్షరాలల్లనే కదా. వానికి ఆ మాట ఇంగ్లీషా కాదా అని పట్టింపే లేదు, అర్థం లేని మాటలే 20 చదివొచ్చినోడు, ఏ అక్షరానికి ఏ సప్పుడో అది పలుక్కుంట పోతడు, పలికినంక అది తెలుగైతది, తెలుగు వానికి మంచిగ అర్థమైతది, ఇంట్ల మనం మాట్లాడేది అదే కదా. ఇంగ్లీష్ల కొన్ని మాటలు రాసేదొకటి పలికేదొకటి ఉంటయ్, అక్కడ వాడు ఆగుతడు, మన మెసేజులల్ల ఎక్కడ ఆగడు. ఇది నేను ముందు ఎన్నడూ ఆలోచించలే. ఒక ఆదివారం కరీంనగరోళ్లు, ఆలుమగలు, మా ఇంటికి భోజనానికి వచ్చిన్రు. నేను పూరీలు చేస్తున్న, ఫోన్ టేబుల్ మీద ఉన్నది, ఆడిబిడ్డ మెసేజ్ పెట్టింది, మా మరిదికి సంబంధం చూసొచ్చిన సంగతి. వీడు ఫోన్ ముందల నిలబడి వేలు పెట్టి, "పి... ల్ల... న... చ్చ... లే... ద... ట" అని ఒక్కసారి కూడబలికి, మళ్ల పెద్దగ కలిపి, "పిల్ల నచ్చలేదట! ఎవరికి చెప్పకు!" అని చదివిండు. వచ్చినోళ్లకు ఆ పిల్ల దగ్గరి చుట్టం. పూరీ నూనెల అట్లనే ఉన్నది, నేను అట్లనే ఉన్న, మీ అల్లుడు లేచి అందరికి నీళ్లు పోసుడు మొదలువెట్టిండు, నిండిన గ్లాసులల్ల కూడ పోస్తున్నడు. ఆ అక్క మంచిది అమ్మా, ఒక్క నిమిషం ఆగి "ఎంత సక్కగ చదువుతున్నవ్ రా" అని వాణ్ని దగ్గరికి తీసుకున్నది. వాడు ఇంకో మెసేజ్ చదవాల్నా అని అడిగిండు.

ఇంతకుముందు నేను, ఆయన ఏదన్న వానికి తెల్వకుండ మాట్లాడుకోవాలంటె స్పెల్లింగ్ చెప్పుకునేటోళ్లం, పార్కుకు పోదామా అని అడగాలంటె పీ ఏ ఆర్ కే అని. ఇప్పుడు కే అనకముందే వాడు బూట్లు తొడుక్కుంటున్నడు. సరే అని మన వరంగల్ హిందీల మొదలువెడితె దోస్తులతోని ఆడి ఆడి వానికి హిందీ కూడ సగం వచ్చింది.

షాపుకు తీస్కపోతె ఇంకో కథ. ఇక్కడ ఏ పొట్లం మీదైనా అండ్ల ఏది ఎక్కువ కలిపిన్రో దాని పేరు ముందుగాల రాయాలె, తర్వాత దానికన్న తక్కువది, అట్ల వరుసగ. ఈ సంగతి వానికి మీ అల్లుడే చెప్పిండు. అప్పటిసంది ప్రతి బిస్కట్ పుడ తిరగేసి "షుగర్ సెకండ్ ఉన్నది" అని నాకు తీర్పు చెప్తడు, కొంటె వద్దనడు కానీ చెప్తడు, అక్కడున్నోళ్లందరికి ఇనవడేటట్టు. మొన్న ఇండియన్ షాపుల రంగురంగుల మిఠాయి పొట్లం పట్టుకున్నడు. టార్ట్రజీన్ అసొంటి ఆరు రంగులల్ల ఏదన్న కలిపితె, ఇది పిల్లల నడవడి మీద, ధ్యాస మీద చెడు ప్రభావం చూపొచ్చు అని పొట్లం మీద అచ్చేయాలని 2010 నుంచి రూలుంది. చిన్న అక్షరాలల్ల ఉంటది, నేనైతె ఇన్నేండ్లల్ల ఒక్కసారి చూడలే. వాడు కౌంటర్ కాడ నిలబడి ఒక్కొక్క మాట విరిచి విరిచి అంత పొడుగు వాక్యం చదివిండు, ఎనుక లైన్ల ఉన్నోళ్లు కూడ ఓపికగ ఇన్నరు. చదివి "అటెన్షన్ అంటె మా మిస్ చెప్పేదేనా" అని అడిగి, అవునంటె కొద్దిసేపు ఆలోచించి పొట్లం తీస్కపోయి షెల్ఫుల పెట్టొచ్చిండు. నేను చెప్పి చెప్పి అలిసిపోయిన సంగతి ఆ చిన్న అక్షరాలు చెప్పినయ్, ఆ రంగు మిఠాయంటె ఆయనకు ప్రాణం, ఇంట్లకు వచ్చుడు బందైంది పాపం. ఇంకోటి, పొట్లం మీద "E120" అని రాసి ఉంటె ఏంది డాడీ అని అడిగిండు, అది ఒక తీరు పురుగులను ఎండవెట్టి తీసే ఎర్ర రంగు అని ఆయన ఉన్నదున్నట్టు చెప్పిండు. తెల్లారి క్లాసుల పోరగాండ్లందరికి తెలిసింది.

రాత్రి కథ సంగతి నీకు తెలుసు కదా, నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు చూసినవ్, అదే కుందేలు పుస్తకం దినాం కావాలె. ఆయన షిఫ్ట్ చేసొచ్చి కండ్లు మూసుకపోతుంటె రెండు పేజీలు కలిపి తిప్పేటోడు, వానికి తెల్వకపోయేది. ఇప్పుడు చెయ్యి ఆపి "డాడీ, కుందేలు ఇంకా వాగు దాటలే" అని ఎనుకకు తిప్పుతడు. పెద్దోళ్ల సంగతి ఒక్కటొక్కటే వాని చేతికి దొరుకుతున్నది, ఏం జేస్తం.

నీకు తెల్వనిది ఇంకోటి చెప్త. ఆగస్టుల వచ్చినప్పుడు వెయ్యిస్తంభాల గుడికి పోయినం కదా, నువ్వు ప్రసాదం కాడ లైన్ల ఉన్నవ్, మేము నంది దిక్కు ఉన్నం. అక్కడ పురావస్తు శాఖోళ్ల నీలి బోర్డు ఉంటది చూడు, దాని ముందల నిలబడి మొత్తం చదివిండు, ఎండ కొడుతుంటె నేను గొడుగు పట్టుకొని నిలబడ్డ. ఇంప్రిజన్‌మెంట్ అంటె ఏంది అన్నడు, జైలు అని చెప్పిన. గంతె, నంది మీదికి ఎక్కబోతున్న పోరగాని కాడికి ఉరికి "దిగు, జైల్ల ఏస్తరు, అక్కడ రాసి ఉన్నది" అని చెప్పిండు. ఆ పిలగాని నాయన కోపానికి వస్తడేమో అనుకున్న, ఆయన బోర్డు కాడికి పోయి తను కూడ చదువుకొని కొడుకును దించిండు. రుద్రదేవుడు 1163ల కట్టించిన గుడి, నేను చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు పోయి ఉంట, ఆ బోర్డు ముందల ఆగి చదివింది మాత్రం ఆ దినమే, వాని పుణ్యాన.

బాపు అంగి జేబుల సిగరెట్ పాకెట్ కనవడుతలేదు, ఏమైందో అని నువ్వు ఫోన్ల అడిగినవ్ కదా, అది కూడ వీని పనే. ఆ పాకెట్ మీద మన దగ్గర 85 శాతం జాగ బొమ్మకు, హెచ్చరికకే పోతది, చదువు నేర్చిన పిలగాని కంట్ల పడకుండ ఎట్లుంటది. అరుగు మీద తాత పక్కన కూసొని చదివిండు, పెయిన్‌ఫుల్ డెత్ అని. చదివి ఏం అనలేదట, కొద్దిసేపటికి "తాతా, నీకు చదువొస్తది కదా" అన్నడట. బాపు నాకు ఎయిర్‌పోర్ట్ కాడ చెప్పిండు, చెప్పుకుంట నా దిక్కు చూడలే. నువ్వు ముప్పై ఏండ్ల సంది కొట్లాడితె ఇనని మనిషి. పూర్తిగ ఇడిసిపెట్టిండో లేదో అడుగకు, జేబుల నుంచైతె పోయింది, దాని మీద వాణ్నే అడుగనియ్యి.

ఇగ వంటింట్ల సంగతి. చాక్లెట్లు నేను మెంతుల డబ్బల దాసేదాన్ని, మీద ఇంగ్లీష్ల మెంతులు అని రాసి ఉండేది. అది దొరికింది. అందుకని అన్ని డబ్బల మీద చీటీలు పీకి తెలుగుల రాసి అంటించిన, కారం, పసుపు, జీలకర్ర, ఆవాలు, చాక్లెట్ల డబ్బ మీద కాకరకాయ కారం అని. నెల దినాలు నిమ్మలంగ గడిసింది. మొన్న నేను పోపు పెడుతుంటె స్టూల్ ఏసుకొని షెల్ఫ్ ముందల నిలబడ్డడు. పసుపు డబ్బను చూపెట్టి "ఇది పసుపు కదా" అన్నడు, డబ్బ కొంచెం తెరిసి ఉండె, రంగు కనవడుతున్నది. అవునన్న. చీటీ మీద వేలు పెట్టి, "మొదటిది, లాస్ట్ ది ఒక్కటే, లాస్ట్ దానికి తోక ఉన్నది, అంటె ఇది ప, ఇది పు" అన్నడు. నేను స్టవ్ బంద్ చేసిన. ఎవలు చెప్పలేదమ్మా వానికి, నేను చెప్పలే, ఆయన చెప్పలే. తర్వాత కారం డబ్బ దించుకున్నడు, దాని మీది మొదటి అక్షరం పట్టుకొని మిగిలిన చీటీలల్ల అది ఎక్కడెక్కడ ఉన్నదో పిట్ట గింజలు ఏరినట్టు ఏరిండు, కాకరకాయ చీటీ మీద దొరికింది, ఒక్కసారి కాదు, మళ్ల మళ్ల. "దీంట్ల మస్తు కా ఉన్నయ్" అని డబ్బ ఊపి చూసిండు. కాకరకాయ కారం సప్పుడు చెయ్యది కదా. మూత తీసిండు.

ఆ చాక్లెట్లు అన్ని వానికే ఇచ్చేసిన, దినానికి ఒకటి అని మాట తీసుకొని. వాడు ఆ చీటీ కూడ అడిగి తీసుకొని వాని పుస్తకంల పెట్టుకున్నడు.

అందుకే నీకు చెప్తున్న, ఆదివారం వీడియో కాల్ల ఒక అరగంట వానికి తెలుగు చెప్పు. ఇంట్ల చివరి తాళం కూడ పోతది, నాకు ఎరుకే, ఆయనైతె నవ్వుకుంట "ఇంకో రెండేండ్లు ఆగరాదు" అంటున్నడు. ఆగొద్దమ్మా. వాడు పసుపు దగ్గరి నుంచి మొదలువెట్టిండు, మనం అ ఆ నుంచే రావాలె అని పట్టుపట్టకు, వాడు ఎక్కడున్నడో అక్కడి నుంచే చెప్పు, గుణింతం పట్టుకుంటడు, తోకలు, తలకట్లు వానికి ఇష్టమైనయ్. ఒత్తులు మెల్లగ చెప్పొచ్చు. ఇంగ్లీష్ పుస్తకాలు ఇక్కడ లైబ్రరీల సంచులకు సంచులు ఊకె ఇస్తరు, తెలుగువే లేవు. పెద్ద అక్షరాల బొమ్మల పుస్తకాలు చౌరస్తాల చూసి నాలుగైదు తీసిపెట్టు, తక్కువ మాటలుండేటివి, పంపకు, మేమే తీసుకుంటం.

అవును, అసలు సంగతి అదే. ఏప్రిల్ల ఈస్టర్ సెలవులు రెండు వారాలు ఉంటయ్, టికెట్లు తీసుకున్నం, వస్తున్నం. వానికి ఇంకా చెప్పలే, చెప్తె దినాం పొద్దున లేసి ఇంకెన్ని దినాలు అని పానం తీస్తడు, స్కూల్ల మనసు పెట్టడు. టికెట్ కాయితాలు ఆయన ఆఫీసుల పెట్టుకున్నడు. కాబట్టి ఫోన్ల దీని గురించి ఒక్క ముక్క రాయకు, తమ్మునికి, మరదలుకు గట్టిగ చెప్పు, "ఎప్పుడొస్తున్రు" అని వాళ్లకు అలవాటు. ఏమన్న ఉంటె నోటితోని చెప్పు, వాడు స్కూల్ల ఉన్నప్పుడు, మీకు సాయంత్రం ఐదున్నర దాటినంక నాకు లంచ్ టైం ఉంటది.

వచ్చినంక బాపును వాణ్ని హన్మకొండ రాజరాజనరేంద్ర భాషా నిలయానికి తీస్కపొమ్మను, 1904ల పెట్టిన లైబ్రరీ అని చిన్నప్పుడు నాకు చెప్పుకుంట సైకిల్ మీద తీస్కపోయెటోడు, వీణ్ని కూడ అట్లనే తీస్కపోవాలె. దారిల బోర్డులన్ని చదువుతడు, ఒక్కో షాపోళ్లు హన్మకొండ స్పెల్లింగ్ ఒక్కో తీరు రాసిన్రు, ఏది కరెక్ట్ అని అడుగుతడు, బాపును ముందే తయారుగ ఉండుమను.

మామిడికాయ తొక్కు మేము వచ్చినంకనే పెట్టు, కాయలు కొట్టేటప్పుడు నేను కూడ కూసుంట. సకినాలు ఈసారి కొంచెం నువ్వులు ఎక్కువేసి చెయ్యి, ఆయన అడిగిండు.

నీ బిడ్డ