చెప్పులు కుట్టే మనిషి జీతం ఏ పద్దులో రాయాలి, మంత్రిగారూ?

విదేశీ విరాళాల చట్టం అమలు చూస్తున్న కేంద్ర మంత్రిగారికి,

నమస్కారాలు. కోనసీమలో ఒక చిన్న క్రైస్తవ సేవాసంస్థలో నేను లెక్కలు రాస్తాను. ఇదే విషయం మీద మేం పంపిన అర్జీలకు, మెయిళ్లకు జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. 2020 సవరణ గురించి మీకు నేను చెప్పాల్సిందేమీ లేదు. విదేశీ విరాళాల్లో పాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. ఆ 20 శాతం మా దగ్గర ఎవరి మెడకు చుట్టుకుందో మాత్రం చెప్పనివ్వండి.

మా పని కుష్టు నయమైనవాళ్ల కాళ్లు చూడటం. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది, జబ్బు నయమవుతోంది. కానీ పాదంలో ఒకసారి పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. ముల్లు గుచ్చుకున్నా, చెప్పులో మేకు దిగినా తెలియదు. పుండు పడి ఎముక దాకా పోతే వేళ్లు పోతాయి, ఒక్కోసారి కాలే తీసేయాల్సి వస్తుంది.

గోదావరి మధ్యనున్న లంక ఊళ్లలో ఇలాంటివాళ్లను ముందు కనిపెట్టేది మా నర్సు సిస్టరూ కాదు, డాక్టరూ కాదు. ఊళ్లోని పాస్టరమ్మగారు. ఆదివారం మందిరం గడప దగ్గర అందరూ చెప్పులు విప్పుతారు కదా. ఒక పెద్దావిడ విప్పిన చెప్పులో తడి చూసి పాస్టరమ్మగారు మాకు ఫోన్ చేశారు. పెద్దావిడకు నొప్పే లేదు. "ఏం లేదమ్మా, బురదలే" అన్నారట. అలాంటి ఫోన్ రాగానే వ్యాను బయల్దేరాలి. రేవు దాకా డ్రైవరు తీసుకెళ్తాడు. అక్కడ సిస్టర్ పంటు ఎక్కుతుంది, వెంట కట్టు సామాను పట్టుకుని ఒక కుర్రాడు. సిస్టర్ ఆ కాలు నీళ్లలో నానబెట్టి, గట్టిపడ్డ చర్మం గీకి, శుభ్రం చేసి కట్టు కడుతుంది. కులం అడగదు, మతం అడగదు.

కట్టు కట్టాక అసలు పని మొదలవుతుంది. పాదాన్ని కాగితం మీద పెట్టి కొలత గీసి తెస్తారు. మా దగ్గర చెప్పులు కుట్టే ఆయన పుండు ఉన్నచోట బరువు పడకుండా మెత్తటి ఎమ్‌సీఆర్ (మైక్రోసెల్యులర్) రబ్బరు కోసి చెప్పు చేస్తారు. ఒక్క మేకు కూడా కొట్టరు, అంటించి కుడతారు. స్పర్శ లేని కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియదు కాబట్టి మడమ వెనక పట్టీ పెడతారు. ఆ చెప్పు లేకపోతే సిస్టర్ పడ్డ కష్టం నాలుగు రోజుల్లో మట్టిపాలు. డాక్టరుగారే ఈ మాట అంటారు.

ఇక నా పుస్తకం చూడండి. నిబంధన ప్రకారం ఆస్పత్రి డాక్టరు జీతం, బడి టీచరు జీతం సేవ కిందికే వస్తాయి. సిస్టర్ జీతాన్ని కూడా మా ఆడిటర్‌గారు అందులోనే ఒప్పుకున్నారు. అదే సిస్టర్‌ని రేవుకు చేర్చిన వ్యాను డీజిలు, రిపేరు మాత్రం పాలనా ఖర్చు. ఫోను బిల్లు పాలనా ఖర్చు. చెప్పులు కుట్టే షెడ్డు అద్దె, కరెంటు పాలనా ఖర్చు. డ్రైవరు, చెప్పులు కుట్టే ఆయన ఎటు వస్తారో ఎవరూ ఖాయంగా చెప్పరు. ఇవాళ సేవ కింద రాస్తే రేపు తనిఖీలో తప్పంటారేమోనని టెన్షన్. తప్పంటే రిజిస్ట్రేషనే పోవచ్చు. ఆ భయంతోనే ఇద్దరినీ పాలనా పద్దులోకి మార్చాం. మార్చగానే లెక్క 20 శాతం దాటే పరిస్థితి వచ్చింది.

ఎవరిని మానిపించమంటారు? డ్రైవర్ని మానిపిస్తే సిస్టర్ రేవు చేరదు. నన్ను మానిపిస్తే విదేశీ విరాళాల లెక్క చెబుతూ మీకు ఏటా పంపాల్సిన ఎఫ్‌సీ-4 రిటర్ను ఎవరు వేస్తారు? చివరికి చెప్పులు కుట్టే ఆయన జీతం సగానికి కోశాం. ఆయన సగం రోజులే వస్తున్నారు, మిగతా రోజులు రొయ్యల చెరువు దగ్గర కాపలాకు పోతున్నారు. కొలతలిచ్చినవాళ్లు పాత చెప్పులతోనే నడుస్తున్నారు.

ఈ పని ఎప్పుడూ ఒక్కరితో జరగలేదు. అపొస్తలుల కాలంలోనే వాక్యం చెప్పేవాళ్లు వాక్యం చెప్పారు, విధవరాండ్రకు భోజనం పంచడానికి ఏడుగురిని వేరే ఏర్పాటు చేశారు. ఆ పంపకం పనిని ఎవరూ తక్కువ చేసి చూడలేదు. ఈ డెల్టాలో 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చి నరసాపురంలో పని మొదలుపెట్టిన బౌడెన్, బీర్ కూడా పెద్ద చదువులు చదివిన పాదిరీలు కారు, చేతిపనులు చేసుకుని బతికినవాళ్లు. మా పాస్టర్లు, పాస్టరమ్మలు మా దగ్గర జీతం తీసుకోరు. మందిరం వాళ్లది, వైద్యం మాది. ఎవరి హద్దు వాళ్లకు తెలుసు. అయినా వాళ్లు లేకుండా మాకు ఒక్క పుండూ కనపడదు.

వచ్చిన విరాళాన్ని వేరే సంస్థకు పంపకూడదనే, అదే చట్టంలోని ఏడో సెక్షన్ సంగతి కూడా చెప్పాలి. ఇదివరకు మాకొచ్చిన దాంట్లోంచి లంకలోని ఒక చిన్న సంస్థకు కొంత పంపేవాళ్లం. ఇప్పుడు రూపాయి పంపడానికి వీల్లేదు. 2022 జూలైలో లంకలు మునిగినప్పుడు పడవలు, మనుషులు వాళ్ల దగ్గర ఉన్నారు, డబ్బు మా దగ్గర ఉంది. బిల్లులన్నీ మా పేరు మీద తెప్పించి ఒక్కొక్కటీ కట్టేసరికి వరద తీసేసింది.

విరాళాలు డైరెక్టర్ల కార్లకు, హోటల్ మీటింగులకు పోకూడదు. అది న్యాయమే. అలా తిన్నవాళ్లను నేనూ చూశాను, వాళ్ల మీద చర్య తీసుకోండి. కానీ ఆ కారుకూ మా వ్యానుకూ తేడా లేదా అండీ? రోగి దగ్గరికి వెళ్లే బండి ఖర్చును, రోగి కోసం చేతులతో పనిచేసే మనిషి జీతాన్ని సేవ కిందే లెక్కించమని ఒక్క వివరణ ఇప్పించండి. వరదలో, తుపానులో అయినా చిన్న సంస్థలకు డబ్బు పంపనివ్వండి. మా పుస్తకాలు ఎప్పుడు అడిగినా తెచ్చి చూపిస్తాను.

దయచేసి జవాబివ్వండి. కాదంటే కాదనైనా రాయండి. చెరువు దగ్గర పూర్తికాలం పనికి రమ్మంటున్నారు, ఏం చెప్పమంటారని ఆయన నన్ను అడుగుతున్నారు.

ఇట్లు,
ఒక సేవాసంస్థలో లెక్కలు రాసే ఉద్యోగిని,
కోనసీమ