కొత్తగా చేరే రక్త సేకరణ సిబ్బంది శిక్షణ గురించి తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి, నమస్కారం.

2018లో హైదరాబాద్‌లో మొదలైన ప్రభుత్వ ఉచిత పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ఇప్పుడు జిల్లాలకూ చేరింది. రక్తం తీసేది బస్తీ దవాఖానాలో, పీహెచ్‌సీలో. పరీక్ష జరిగేది హబ్‌లో, అంటే కేంద్ర ల్యాబ్‌లో. శిక్షణకు అసలు చిక్కు ఈ దూరమే. తప్పు చేసిన చేతికి ఆ తప్పు కనబడదు. గంటల తరవాత హబ్‌లో బయటపడుతుంది. వెనక్కి వచ్చే కబురు 'శాంపిల్ రిజెక్ట్' అన్న ఒక్క ముక్కే అయితే ఎవరూ ఏమీ నేర్చుకోరు.

కాబట్టి మొదటి రోజు సూది చేతికి ఇవ్వకండి. హబ్‌లో శాంపిళ్లు దించుకునే కౌంటర్ దగ్గర కూర్చోబెట్టండి. ఆ రోజు తిప్పికొట్టిన ట్యూబులు చూపించి కారణం అడగండి. పర్పుల్ మూత ట్యూబులో గడ్డలుంటే, తీసిన వెంటనే 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేయలేదన్నమాట (గిలకొట్టమని కాదు). బ్లూ ట్యూబులో 1.8 మి.లీ. రక్తానికి సరిపడా 0.2 మి.లీ. సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే ద్రావణం) ఉంటుంది, రక్తం గీత దాకా రాకపోతే పీటీ (రక్తం గడ్డకట్టే సమయం) లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, రక్తం పలచబరిచే మందు వార్ఫరిన్ వాడే మనిషికి డోసు అనవసరంగా తగ్గిస్తారు. సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఎర్రబారిందంటే రక్తకణాలు పగిలాయన్నమాట: సిరంజి ప్లంజర్ గట్టిగా లాగారో, సూది తీయకుండానే ట్యూబులోకి నొక్కారో, స్పిరిట్ ఆరకముందే గుచ్చారో అయి ఉంటుంది.

కంటికి కనిపించని తప్పులు ఇంకా ప్రమాదం. పర్పుల్‌లో ఎక్కువైందని కొంచెం రెడ్‌లోకి వంపుతారు. పర్పుల్‌లో ఉండేది పొటాషియం ఈడీటీఏ, గడ్డకట్టకుండా ఆపే మందు. దాంతో రిపోర్టులో పొటాషియం అమాంతం పెరుగుతుంది, క్యాల్షియం పడిపోతుంది. ట్యూబు మాత్రం శుభ్రంగానే ఉంటుంది. అందుకే రక్తం నింపే ట్యూబుల వరస తప్పకూడదు: బ్లడ్ కల్చర్ ఉంటే ముందు అది, తరవాత బ్లూ, రెడ్ లేదా ఎల్లో, గ్రీన్, పర్పుల్, చివర గ్రే. టోర్నికే (చేతికి బిగించే కట్టు) నిమిషం దాటి ఉంచినా, పిడికిలి పదే పదే బిగించమన్నా పొటాషియం పెరుగుతుంది. నరం దొరకడం ఆలస్యమైతే కట్టు వదిలి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ కట్టాలి. సీరం వేరుచేయని రక్తాన్ని ఐసులో పెట్టి పంపినా ఇదే గతి. బయట వదిలేస్తే, మామూలు గది వేడిమిలోనే షుగర్ గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. మన మే నెల సంగతి చెప్పక్కర్లేదు.

పేరు పేషంటు నోటితోనే చెప్పించాలి. 'మీరు లక్ష్మి గారేనా?' అంటే ఆ రద్దీలో ఎవరైనా తలూపుతారు. స్టిక్కర్ రక్తం తీశాక, మనిషి కుర్చీలోంచి లేవకముందే అంటించాలి.

తరవాత ప్రాక్టీస్ చేయి (నమూనా చేయి) మీద సాధన, ఆపైన సీనియర్ ఎదుట 25 శాంపిళ్లు. ఈ సంఖ్య మా సూచన. వీటిలో వృద్ధులు, సన్నని నరాలవాళ్లు ఉండాలి. రెండుసార్లు గుచ్చినా రాకపోతే మరొకరిని పిలవడం కూడా ఇక్కడే అలవాటు కావాలి. ఈ 25లో హబ్ నుంచి ఒక్కటీ తిరిగి రాకపోతేనే ఒంటరి పోస్టింగ్. ఇన్ని రోజులు గడిచాయన్న లెక్క వద్దు. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) చదివి వచ్చినవారికి రక్తకణాల పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు, ఆ స్లైడ్లు తీసేయండి. పోస్టింగ్ తరవాత మూడు నెలలు, ఎవరు తీసిన ట్యూబు ఏ కారణంతో ఆగిందో వారంవారం వారికే చేరాలి.

హెపటైటిస్ బి టీకా మొదటి డోసు చేరిన రోజే వేయాలి, మిగతావి 1, 6 నెలలకు. మూడో డోసు తరవాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయాలి. సూదికి మూత తిరిగి పెట్టకుండా తెల్లటి, గుచ్చుకోని డబ్బాలో వేయించాలి. గుచ్చుకుంటే పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి, వీలైతే 2 గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల్లోపు హెచ్‌ఐవీ నివారణ మందు మొదలుపెట్టాలి. ఆ మందు ఎక్కడ దొరుకుతుందో, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో ప్రతి కౌంటర్ మీద రాసి ఉండాలి.

ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. ప్రాక్టీస్ చేతులు, టీకాలు కావాలి. శిక్షణ ఇచ్చే సీనియర్ టెక్నీషియన్‌కు ఆ రోజుల్లో బెంచి పని (రోజువారీ పరీక్షల పని) నుంచి మినహాయింపు కావాలి. ఈ మినహాయింపే కష్టం. రాతపూర్వక ఉత్తర్వు లేకుండా, శాంపిళ్లు గుట్టపడే వేళ ఏ హబ్‌లోనూ ఆ మనిషిని వదలరు. ముందుగా ఆ ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
కొందరు ల్యాబ్ టెక్నీషియన్లు, పాథాలజీ, బయోకెమిస్ట్రీ వైద్యులు