హాట్ టబ్ నీటి కాఠిన్యాన్ని పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండ, వరంగల్ పరిసరాల్లో హాట్ టబ్ (కూర్చుని సేదతీరే వేడి నీటి తొట్టి) పెట్టించుకునేవారు అందులో నింపే నీటిలోని కాల్షియం గురించి ముందుగా ఆలోచించాలి. మన గ్రానైట్ నేలల్లో బోరు నీరు చాలాచోట్ల కఠినమైనదే, అంటే కాల్షియం వంటి లవణాలు ఎక్కువున్నదే. గీజర్ రాడ్డుకు తెల్లని పెచ్చు కట్టడం మనం చూస్తున్నదే. నీరు వేడెక్కే కొద్దీ కాల్షియం కార్బొనేట్ కరిగి ఉండలేదు కనుక, 38 నుంచి 40 డిగ్రీల వేడితో ఉండే టబ్‌లో ఆ పెచ్చు మొదట హీటర్‌కు పట్టి, ఆపై ఫిల్టర్‌నూ జెట్ల రంధ్రాలనూ పూడ్చేస్తుంది. పైగా నీరు ఆవిరైనా కాల్షియం టబ్‌లోనే మిగులుతుంది. తగ్గినప్పుడల్లా మళ్లీ బోరు నీరే పోస్తుంటే అది పేరుకుపోతూనే ఉంటుంది.

అలాగని కాల్షియం మరీ తక్కువున్న నీరూ మంచిది కాదు, అది లోహ భాగాలను తినేస్తుంది. కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు సుమారు 150 నుంచి 250 మిల్లీగ్రాముల మధ్య ఉంచాలి. తక్కువైతే కాల్షియం క్లోరైడ్‌ను బకెట్ నీటిలో కొద్దికొద్దిగా వేసి కరిగించి కలపాలి. ఎక్కువైతే కొంత నీరు తీసేసి, కాఠిన్యం తక్కువున్న నీరు నింపాలి. యాసిడ్ పోస్తే పీహెచ్ తగ్గుతుందే తప్ప కాల్షియం పోదు.

టబ్ అమ్మేవారు కాఠిన్యం పరీక్షించే కిట్‌ను కూడా ఇవ్వాలనీ, రిసార్టుల వారు ఆ ఫలితాన్ని టబ్ పక్కనే బోర్డు మీద రాయాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, హనుమకొండ